మిరపకాయల వ్యాను

ముత్తుప్పేచ్చి పొద్దున్నే రోడ్డు మీద పరుగు మొదలుపెట్టిన రోజున, ఊళ్ళో ఎవరి గుమ్మం ముందు నుంచి వెళ్ళినా ఒకటే మాట వినపడింది.

"ఎవురికేమైందే?"

అడగరా మరి. కోవిల్‌పట్టి నుంచి కయత్తారు పోయే దారిలో ఉన్న ఆ చిన్న ఊళ్ళో మనుషులు పరిగెత్తేది రెండిటికే. ఒకటి బస్సు కోసం, రెండోది చావు కబురు చెప్పడానికి. తెల్లవారి బస్సుకు ఇంకా చాలా పొద్దుంది. కాబట్టి రెండోదే అయ్యుండాలి.

"ఎవురికీ ఏం కాలేదు మామా," అంది పేచ్చి ఆగకుండానే.

నల్లసామి మామ నోట్లోంచి వేపపుల్ల తీశాడు. "ఏం కాకుండానే పరిగెత్తుతాండావా? ఒళ్ళు బాగుండాదా పిల్లా?"

ఒళ్ళు బాగుంది. అసలు సంగతే అది. రెండేళ్ళ కిందట బాగాలేదు. ఇప్పుడు బాగుంది కాబట్టే పరిగెత్తుతోంది. కానీ పేచ్చి నోట్లో నాలుక లేని పిల్ల. అంత కథ పరిగెత్తుతూ ఎలా చెబుతుంది? నవ్వి ముందుకు పోయింది. గాలిమరలు నిద్రలేచి ఒళ్ళు విరుచుకుంటున్నట్టు నెమ్మదిగా తిరుగుతున్నాయి. నల్లరేగడి చేలల్లో పత్తి ఇంకా మంచుతో తడిగా ఉంది.

పేచ్చి కోవిల్‌పట్టిలో ఒక చిన్న అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసేది. పుల్లలు పేర్చిన చెక్క చట్రాలకు మందు అద్దాక, వాటిని తీసుకెళ్ళి ఆరబెట్టే గదిలో దొంతర్లుగా పెట్టడం ఆమె పని. ఒకరోజు చట్రానికి చట్రం రాసుకుంది. అంతే. అగ్గిపుల్ల ఎలా అంటుకుంటుందో అందరికీ తెలుసు. గదినిండా ఉన్న పుల్లలన్నీ ఒక్కసారి అంటుకుంటే ఎలా ఉంటుందో పేచ్చికి తెలుసు. ఎడమచెయ్యి మోచేతి దాకా, మెడ పక్కన కొంచెం కాలింది. తోటి ఆడవాళ్ళు అరిటాకు చుట్టి, ఆమెను ఎత్తుకుని బస్టాండుకు పరిగెత్తారు. బండి ఏదీ దొరకలేదు. విరుదునగర్ పోయే బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది.

ఆ బస్సు డ్రైవరు పేరు కాళిముత్తు అని తర్వాత తెలిసింది. వెనక సీటు ఖాళీ చేయించి పేచ్చిని పడుకోబెట్టించాడు. తర్వాత లేచి నిలబడి, "సాత్తూరులో దిగేవాళ్ళు ఇక్కడే దిగిపోండి. ఈ బండి నేరుగా ఆసుపత్రి గుమ్మంలోనే ఆగుతుంది," అని అరవంలో కేకేశాడట. ఒక్కరూ దిగలేదు. సాత్తూరు దాటిపోతుంటే, అక్కడ దిగాల్సినవాళ్ళు కిటికీలోంచి తమ ఊరిని చూస్తూ కూర్చున్నారట గాని, ఒక్కరూ కండక్టరు వైపు తిరగలేదట. గోవిందమ్మాళ్ అత్త ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

గోవిందమ్మాళ్ పేచ్చి మేనత్త. తల్లి పోయాక పెంచింది ఆమే. కొరకంచులాంటి నోరు. నెలన్నరపాటు మంచం పక్కన కూర్చుని, ఈగ వాలకుండా వేపరెమ్మ విసిరిందీ ఆమే. వార్డు ఆయాతో రోజుకో తగాదా పెట్టుకుని, రోజూ మళ్ళీ ఆమెతోనే వక్కాకు పంచుకుని తినేది. విరుదునగర్‌లో సిస్టర్లు నడిపే ఆ చిన్న ఆసుపత్రి పేచ్చికి ప్రాణం పోసింది. అంతటితో ఆగలేదు. మాడి ముడుచుకుపోయిన వేళ్ళను సిస్టర్ అమల ఒక రబ్బరు బంతి ఇచ్చి, నెలల తరబడి నొక్కించి, నొక్కించి, ఒక్కొక్కటే తెరిపించింది. చిటికెన వేలు తెరుచుకున్న రోజున సిస్టర్ ఏడ్చింది. పేచ్చి ఏడవలేదు. ఆ బంతిని చీర చెంగుతో తుడిచి తిరిగి ఇచ్చింది.

అప్పటినుంచీ ఆమె మనసులో ఒకటే ముల్లు. ఇంతమందికి తను ఏమివ్వగలదు? ఇవ్వడానికి ఏముంది?

ఒకరోజు చెయ్యి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు సిస్టర్ అమల ఎవరితోనో దిగులుగా మాట్లాడుతోంది. విరుదునగర్ వర్తకుల సంఘం కుర్రవాళ్ళు కొండ పరుగు పెడుతున్నారు. పడమటి కొండల్లో ఉచ్చిప్పారై అనే కొండ. దాని పైదాకా ఎక్కి, మళ్ళీ దిగి, గడువు అయిందని జెండా దించేలోపు కింది మైదానంలో గీత దాటాలి. బడీ, అనాథాశ్రమం, ఆసుపత్రి, ఇలా ఒక్కో ధర్మసంస్థ తరఫున ఒక్కో మనిషి పరిగెత్తుతాడు. ఒక్కో మనిషి వెనక ఒక్కో వర్తకుడు ఉంటాడు. మనిషి పూర్తిచేస్తే వర్తకుడు మాటిచ్చింది ఇవ్వాలి. ఈ ఆసుపత్రి వెనక ఉన్నది మిరపకాయల మండీ యజమాని రామచంద్రన్ మొదలాళి. ఆయన ఇస్తానన్నది ఒక వ్యాను. పాతదే గాని బాగా నడిచేది.

"ఊరికే ఇచ్చేయొచ్చు కదా మొదలాళీ," అని సిస్టర్ అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడట. "ఊరికే ఇచ్చింది ఊరికే పోతుంది సిస్టర్. మీ మనిషి జెండా దించేలోపు గీత దాటితే వ్యాను మీది. దాటకపోతే నా మిరపకాయలు నా వ్యానులోనే పోతాయి."

ఆసుపత్రి తరఫున పరిగెత్తాల్సింది కాంపౌండరు సెందిల్‌కుమార్. అతను సాధన చేస్తూ మొన్ననే కాలు బెణికించుకున్నాడు. ఇంకెవరున్నారు? సిస్టర్లు పరిగెత్తరు. డాక్టరు గారికి అరవై దాటాయి.

వ్యాను. కాలినవాళ్ళను బస్సు వెనక సీటులో కాకుండా పడుకోబెట్టి తెచ్చే వ్యాను. కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఎన్ని అగ్గిపెట్టెల కంపెనీలున్నాయి! అందరికీ కాళిముత్తులాంటి డ్రైవరు దొరుకుతాడా?

"నేను పోనా సిస్టర్?" అంది పేచ్చి.

ఆసుపత్రిలో అన్నాళ్ళున్నా నీళ్ళు కావాలని కూడా నోరు తెరిచి అడగని పిల్ల. సిస్టర్ తిరిగి చూసి, అన్నదెవరో అర్థంకాక గోడ వైపు కూడా చూసింది.

*

ఇంట్లో చెబితే గోవిందమ్మాళ్ మండిపడింది.

"ఏంటికే నీకీ పని? కాలు ఇరిగితే కూడు పెట్టేదెవురు? నేనా? ఇంగొకసారి నీకు వేపరెమ్మ ఇసరడం నా వొల్ల కాదు, సెప్పినాను సూడు!"

"కాలు ఇరగదత్తా."

"ఆ, కొండ నీతో సెప్పిందా ఇరగదని? ఆడకూతురు పైజామా ఏసుకుని కొండల మింద ఎగరాలా? సూసినోళ్ళు ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు?"

"గోవిందమ్మాళ్ సరింగా పెంచలేదనుకుంటారు!"

మూడు పూటలు తిట్టింది. నాలుగో పూట రాగిసంకటి ముద్ద ఒకటి ఎక్కువ పెట్టింది.  పేచ్చికి అర్థమైంది. అత్త ఒప్పుకోవడం అంటే అంతే.

కంపెనీ ఆడవాళ్ళు తలా కొంచెం వేసుకుని కోవిల్‌పట్టి బజారులో కాన్వాసు బూట్లు కొన్నారు. మగపిల్లలవే దొరికాయి. "మా పేచ్చి కాలికి బూటొచ్చిందే!" అని కాళీశ్వరి అక్క వాటిని తల మీద పెట్టుకుని షెడ్డంతా తిరిగింది. పేచ్చి ఆ బూట్లు వేసుకుని చెరువుకట్ట మీద, రోడ్డు మీద పరిగెత్తింది, కురుమలై గుట్టలు ఎక్కింది, దిగింది. మొదట్లో ఊపిరి అందేది కాదు. తర్వాత అందింది. ఊళ్ళోవాళ్ళు కూడా అలవాటు పడ్డారు. "ఈపొద్దు ఎవురూ సావలేదా పిల్లా?" అని నల్లసామి మామ రోజూ వేళాకోళం చేసేవాడు. పొద్దున్నే ఆ మాట వినకపోతే పేచ్చికి ఏదో మరిచిపోయినట్టుండేది.

*

పందెం నాడు కొండకింద మైదానం జాతరలా ఉంది. పందెగాళ్ళందరికీ సంఘంవాళ్ళు పసుపుపచ్చ బనీన్లు ఇచ్చారు. కాలేజీ కుర్రవాళ్ళు, పోలీసులు, బొజ్జ ముందుకొచ్చిన ఒక బ్యాంకు గుమాస్తా, ముగ్గురు కాలేజీ అమ్మాయిలు. మైదానం ఒక పక్కన మిరపకాయల వ్యాను నిలబడి ఉంది. వెనక తలుపులు తెరిచే ఉన్నాయి. ఆ పక్కగా పోయినవాళ్ళంతా తుమ్ముతున్నారు. రామచంద్రన్ మొదలాళి మడతకుర్చీలో కూర్చుని వ్యానుకేసీ పేచ్చికేసీ మార్చిమార్చి చూశాడు. సన్నగా, ఎడమ చేతిమీద కాలిన మచ్చతో ఉన్న ఆ పిల్లను చూసి ఆయనకేమనిపించిందో గాని, "మెల్లగా వెళ్ళమ్మా, పడిపోతావు," అన్నాడు.

విజిల్ మోగింది. అందరూ ఒక్కసారిగా పోయారు. పేచ్చి తన లెక్కన తను పోయింది. ముందుపోయిన కుర్రవాళ్ళు మొదటి మలుపులోనే నడుం పట్టుకుని నిలబడిపోతే, మెల్లగా వాళ్ళను దాటింది. దాటుతుంటే వాళ్ళకు కోపం వస్తుందేమో అని తల దించుకుంది.

కొండ సగం ఎక్కాక ఒక చిన్న పల్లె వస్తుంది. అడవికి ముందు అదే చివరి ఊరు. అక్కడో మారియమ్మ గుడి ఉంది. పందెగాళ్ళకు మజ్జిగ ఇచ్చేచోటు కూడా అదే. పేచ్చి మలుపు తిరిగేసరికి గుడి ముందు నిలబడి ఉన్నదెవరు?

గోవిందమ్మాళ్. పక్కన కాళీశ్వరి అక్క, కంపెనీ ఆడవాళ్ళు ఇంకా ఐదారుగురు, పల్లె ఆడవాళ్ళు.

రానన్న మనిషి. పందెం పేరెత్తితే మొహం తిప్పుకున్న మనిషి. తెల్లవారకముందే బస్సెక్కి, ఇంకో బస్సు మారి, సగం కొండ నొప్పి మోకాళ్ళతో ఎక్కి వచ్చింది. పేచ్చి గుండె నిండిపోయింది. అత్త నెత్తిన పసుపు నీళ్ళ కడవ ఉంది. కడవ మూతికి వేపమండలు కట్టి ఉన్నాయి.

పేచ్చికి ఒక్క క్షణం ఏమీ అర్థంకాలేదు. తర్వాత తన పసుపుపచ్చ బనీను చూసుకుంది.

మారియమ్మ జాతరలో మొక్కున్నవాళ్ళు పసుపు గుడ్డ కట్టుకుంటారు. నిప్పుల చట్టి చేత్తో పట్టుకుని ఊరంతా తిరుగుతారు. వాళ్ళు ఇంటిముందుకు వస్తే ఇంటి ఆడవాళ్ళు ఎదురొచ్చి, కాళ్ళ మీద కడవతో పసుపు నీళ్ళు పోస్తారు. అంతకు మించిన మర్యాద ఆ పక్క ఊళ్ళలో ఇంకోటి లేదు. నిప్పును మోసే మనిషి కాళ్ళు చల్లబడాలి. అమ్మ చల్లబడాలి.

"అత్తా, ఆగు, బూట్లు..."

మాట పూర్తికాకముందే కడవ వంగింది. నీళ్ళు ధారగా పడ్డాయి, బూట్ల మీద, మేజోళ్ళ మీద, పైజామా అంచుల మీద. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా నాలుక తిప్పి కులవ పెట్టారు. ఆ కూతకు గుడి వెనకున్న మేకలు బెదిరి పరిగెత్తాయి. గోవిందమ్మాళ్ వంగి పేచ్చి కాళ్ళకు దండం పెట్టబోయింది. పేచ్చి గబుక్కున ఆమె భుజాలు పట్టుకుని లేపింది.

"నాకు దండమా అత్తా? పాపం కదా!"

"నీకెవురు పెడతాండారే? అమ్మకు పెడతాండా. నువ్వు పో, బిన్నా పో!" అంది అత్త. ఆమె కళ్ళు తడిగా మెరుస్తున్నాయి.

పేచ్చి ఏం చెబుతుంది? కాన్వాసు బూట్లు తడిస్తే ఏమవుతుందో చెరువుకట్ట మీద ఒకసారి వానలో తడిసినప్పుడే ఆమెకు తెలిసింది. అప్పుడు వారం రోజులు కుంటింది. కానీ అత్త మొహం చూశాక ఆ మాట నోటికెలా వస్తుంది? "పోతాను అత్తా," అని అడవిలోకి పరుగుతీసింది. అడుగడుక్కీ బూట్లు పచక్ పచక్‌మన్నాయి.

పైకి వెళ్ళేకొద్దీ దారి నిట్టనిలువుగా ఉంది. తడిసిన మేజోళ్ళలోకి ఇసుక చేరింది. మొదట మడమ మండింది. తర్వాత వేళ్ళ మధ్య మండింది. ఒకచోట రాయి మీద కూర్చుని బూట్లు విప్పి పిండింది. పసుపు నీళ్ళు కారాయి. పాదాలు నానిపోయి, పసుపంటి, పెళ్ళికూతురి పాదాల్లా ఉన్నాయి. ఆమెకు నవ్వొచ్చింది. బూట్లు చేతిలో పట్టుకుని వట్టికాళ్ళతో కొంతదూరం పోయింది. కొండకొమ్ము దగ్గర విజిల్ పట్టుకుని నిలబడిన సరవణకుమార్ అనే సంఘం కుర్రవాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కా, వట్టికాళ్ళతో పోనివ్వరు. పోయినేడు ఒకాయన కాలు చీరుకుపోయింది. బూట్లు వేసుకోవాల్సిందే."

"తడిసినాయి తమ్ముడూ."

"ఎలా తడిశాయి? వాన కూడా లేదే!"

పేచ్చి రాయి మీద కూర్చుంది. తడి బూట్లు మళ్ళీ వేసుకుంది. అతను ఆమె చేతి మీద ముద్ర వేశాడు. "మీ తర్వాత ఇంకెవరూ లేరు. అందరూ దిగిపోయారు. ఆఖరి మనిషి వెనకే నేనూ దిగాలి. పదండి," అన్నాడు.

ఆఖరి మనిషి తనేనా? ఎక్కేటప్పుడు ఎంతమందిని దాటింది! కుంటుతూ కూర్చున్నంతసేపట్లో అందరూ మళ్ళీ తనను దాటిపోయారన్నమాట.

దిగడం ఎక్కడంకన్నా కష్టమని కొండ ఎరిగినవాళ్ళంతా చెబుతారు. దిగేటప్పుడు ఒంటి బరువంతా వేళ్ళ మీద పడుతుంది. బొబ్బలు ఒక్కొక్కటే చితికాయి. పేచ్చికి తాతలు దిగొచ్చారు. ఇదివరకు నొప్పి ఎరగనిదేమీ కాదు. కాలినచోట కట్టు మార్చేటప్పుడు పడిన నొప్పి ముందు ఇదెంత? కానీ అప్పుడు పడుకుని ఉంటే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళు అన్నీ చేశారు. ఇప్పుడు తనే అడుగు వేయాలి. అడుగు వేయడానికి ఇంకెవరూ రారు.

పల్లె కనపడేసరికి ఆమె నడవడం లేదు, ఈడ్చుకుంటోంది. గుడి అరుగు మీద కూలబడిపోయింది. కింద, చాలా కింద, మైదానంలో జెండా కర్చీఫు ముక్కలా కనపడుతోంది. ఇంకా ఎగురుతూనే ఉంది. కానీ ఆ దూరం ఈ కాళ్ళతో పోయేది కాదు. సిస్టర్‌కు ఏం చెప్పాలి? వ్యాను మిరపకాయలు మోసుకుంటూ మళ్ళీ మండీకి పోతుంది. అంతే.

గోవిందమ్మాళ్ పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే? ఏంటికి కూకున్నావు?"

"ఏం లేదత్తా. కొత్త బూట్లు కదా, కరిసినాయి."

"కొత్తవా? రెండు నెలలుగా ఊరంతా అరగదీసినావు వాటిని!" అంటూ అత్త ఒక బూటు లాగేసింది. మేజోడు ఊడదీసింది. నానిన చర్మం, నెత్తురు, పసుపు. అత్త చేతులు ఆగిపోయాయి. ఖాళీ కడవ అరుగు మీదే బోర్లించి ఉంది. అత్త దానికేసి చూసింది. మళ్ళీ పాదంకేసి చూసింది.

"నేనా?" అంది చాలా మెల్లగా. "ఇది నేను సేసినానా?"

"కాదత్తా."

"అబద్ధం సెప్పబాకే! నీకు అబద్ధం సెప్పను రాదు, ముక్కు ఎర్రబడతాది."

పేచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. "నువ్వు నీళ్ళు పోసినప్పుడు నాకెంత సంతోషంగా ఉన్నిందో తెలుసునా అత్తా? నువ్వు రావనుకున్నాను. వొస్తివే. ఈ బొబ్బలు వారానికి మానిపోతాయి. అవి మాననీ లే, ఈ సంతోషం నాకు సచ్చేదాకా ఉంటాది."

గోవిందమ్మాళ్‌కు ఏడవడానికి తీరిక లేదు. తన చీర కొంగు పళ్ళతో పట్టి చర్రున చించింది. ఒక పాదానికి ఒక పేలిక, రెండో పాదానికి ఒక పేలిక బిగించి కట్టింది. పొడిగా ఉన్న తన సొంత రవికెగుడ్డ ముక్క ఒకటి సంచిలోంచి తీసి మడమ కింద దూర్చింది. పైన బూట్లు తొడిగి, తాడు బిగించింది.

"లే."

"అత్తా..."

"లే అంటాండా కదా! నిప్పుల చట్టి పట్టుకున్నోళ్ళు సగం దారిలో కూకుంటారా? చట్టి పట్టుకున్న మనిషి ఎనక ఊరంతా కులవ పెట్టుకుంటా పోతారు. ఏంటికి పోతారు? నొప్పి ఇనపడకుండా పోతారు. నడువు. మేమొస్తాం."

"నీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నాకు తెలీదా? నువ్వు నడువు!"

ఆ తర్వాత జరిగింది ఆ కొండ ఎప్పుడూ చూసి ఉండదు. ముందు పసుపు బనీనులో కుంటుతూ పరిగెత్తే పిల్ల. వెనకే చీర ఎత్తి దోపుకున్న గోవిందమ్మాళ్, ఆమె వెనక అగ్గిపెట్టెల కంపెనీ ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఊరికే సంబరానికి కలిసిన పల్లె ఆడవాళ్ళు. అందరి నోటా కులవ. అందరికన్నా వెనక, "అమ్మలారా! పక్కన పరిగెత్తకూడదు! రూలు! రూలు!" అంటూ విజిల్ ఊదుకుంటూ సరవణకుమార్. విజిలూ కులవలో కలిసిపోయింది.

పేచ్చికి నిజంగానే నొప్పి వినపడలేదు. ఆ కూత చెవుల్లోంచి కాళ్ళలోకి దిగి, కాళ్ళను అదే ముందుకు వేయిస్తోంది. ఒక్కో మలుపూ తనంతట తనే వెనక్కు పోయింది. జెండాస్తంభం దగ్గర నిలబడ్డ మనిషి తాడు మీద చెయ్యి వేసి, ఈ హోరు ఏమిటా అని కొండకేసి తలెత్తాడు. తాడు వదిలెయ్యడం మరిచిపోయాడు. మైదానంలో బిర్యానీ పొట్లాలు విప్పుకుంటున్న జనం లేచి నిలబడ్డారు. ఆడవాళ్ళు గీతకు ఇవతలే ఆగారు. పేచ్చి ఒక్కతే దాటింది. దాటి, రెండడుగులు వేసి, నేలమీద కూర్చుంది. జెండా అప్పుడు దిగింది.

సంఘం కార్యదర్శి మొహం ముడుచుకుని వచ్చాడు. "ఇది చెల్లదు. పందెగాళ్ళతో వేరేవాళ్ళు పరిగెత్తకూడదని రూలుంది."

రామచంద్రన్ మొదలాళి కుర్చీలోంచి లేచాడు. "ఎవరైనా ఆమెను మోశారా?"

"మొయ్యలేదు."

"చెయ్యి పట్టుకుని లాగారా?"

కార్యదర్శి సరవణకుమార్ వైపు చూశాడు. అతను రొప్పుతూ, "ముట్టుకోలేదన్నా. నేను వెనకే ఉన్నాను. కాళ్ళకు కట్టు మాత్రం కట్టారు. అది నేను కట్టాల్సిందే, కానీ నా మందుల డబ్బాలో పట్టీలన్నీ కాలేజీ కుర్రవాళ్ళకే అయిపోయాయి. మిగతాదంతా అరుపే," అన్నాడు.

"అరుపులకి మనిషి కొండ దిగేటట్టయితే," అన్నాడు మొదలాళి, "మా ఇంటావిడ అరుపులకి నేను ఈపాటికి కాశీకి నడిచిపోయి వచ్చుండాలి. పిల్ల తన కాళ్ళతో దిగింది. నా కళ్ళతో చూశాను. మాట మాటే." తాళంచెవి తీసి సిస్టర్ అమల చేతిలో పెట్టాడు. తర్వాత, "మెల్లగా వెళ్ళమ్మా, పడిపోతావు అన్నాను నిన్ను. ఆ మాట వెనక్కు తీసుకుంటున్నాను," అని పేచ్చితో అన్నాడు.

పేచ్చి లేచి నిలబడి రెండుచేతులూ జోడించింది. ఎడమచేతి వేళ్ళు కుడిచేతి వేళ్ళతో సమంగా, నిటారుగా కలిశాయి. సిస్టర్ అమల ఆ చేతులనే చూస్తూ ఉండిపోయింది.

*

వ్యాను నడపడానికి ఆసుపత్రి తరఫున ఎవరూ రాలేదు. గెలుస్తామని ఎవరనుకున్నారు గనక? మొదలాళి తన డ్రైవరునే పంపించాడు. వెనక పేచ్చిని పడుకోబెట్టారు. పక్కన సిస్టర్, అత్త, కాళీశ్వరి అక్క, ఇంకా పట్టినంతమంది కూర్చున్నారు. తలుపులు వేయగానే అందరికీ ఒకేసారి తుమ్ములు పట్టుకున్నాయి. మిరపకాయల ఘాటు చెక్కల సందుల్లో ఏళ్ళ తరబడి ఇంకిపోయి ఉంది.

"ఇందులో కాలినోళ్ళను ఎక్కిస్తే కాలినదానికన్నా తుమ్మే సస్తారు!" అంది గోవిందమ్మాళ్ ముక్కు తుడుచుకుంటూ. "రేపు నేనొచ్చి కడుగుతా సిస్టరమ్మా. సున్నపు నీళ్ళతో, పేడ నీళ్ళతో..."

"వద్దు అవ్వా," అంది సిస్టర్ తుమ్ముల మధ్య. "ఇంక మీరు ఎక్కడా నీళ్ళు పోయొద్దు."

వ్యానులో అందరూ పగలబడి నవ్వారు. అత్త ఒక్క క్షణం బిగుసుకుపోయి, తర్వాత తనూ నవ్వింది. నవ్వుతూనే చెంగు కళ్ళకు అద్దుకుంది. చెంగు సగమే మిగిలి ఉంది.

విరుదునగర్‌లో ఆసుపత్రి గేటు దగ్గర వ్యాను ఆగేసరికి లోపలినుంచి ఆయా, కాంపౌండరు సెందిల్‌కుమార్, నడవగలిగిన రోగులు అందరూ బయటికొచ్చారు. తలుపు తెరుచుకుంది. పేచ్చి దిగబోతే సిస్టర్ ఆపి, లోపలికి కేకేసింది. చక్రాల కుర్చీ వచ్చింది.

"నేను నడుస్తాను సిస్టర్," అంది పేచ్చి సిగ్గుపడుతూ.

"కూర్చో. ఈ వ్యాను తెచ్చిన మొదటి రోగివి నువ్వే," అంది సిస్టర్.

పేచ్చి కుర్చీలో కూర్చుంది. ఆ వరండా, ఆ పచ్చ తలుపు, డెట్టాల్ వాసన, అన్నీ ఆమెకు తెలుసు. అప్పుడు కళ్ళు మూసుకుని వచ్చింది. ఈసారి తెరిచే ఉంచుకుంది. ఆయా ఎదురొచ్చి గోవిందమ్మాళ్‌ను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మళ్ళీ వొచ్చినావా? ఎన్నాళ్ళుంటావు ఈసారి?"

"నా పిల్ల కాళ్ళు మానేదాకా ఉంటా. నీకేం నొప్పి? వక్కాకుందా?" అని గోవిందమ్మాళ్ చెయ్యి చాపింది.

ఆయా నడుము నుంచి వక్కాకు సంచి తీసింది.